గజాలా హాష్మీ దేనికి ఓటేశారు? వర్జీనియా చట్టసభ సైట్ మీద ఒక రివ్యూ, మన మైనేతా సంగతి కూడా

2025 నవంబరు 4న గజాలా హాష్మీ వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవికి, గెలిచారని తెలియగానే మన ఛానళ్లు, పేపర్లు ఒకటే మోత. హైదరాబాద్ ఆడపడుచు, మలక్‌పేట మూలాలు, నాలుగేళ్ల వయసులో అమెరికా ప్రయాణం, అక్కడ రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ. అన్నీ నిజాలే, వినడానికి బాగానే ఉంది. కానీ అంతకుముందు ఆరేళ్లు ఆవిడ వర్జీనియా సెనేటర్. అంటే మనవైపు చెప్పాలంటే రాష్ట్ర చట్టసభ సభ్యురాలు. ఆ ఆరేళ్లలో ఏ బిల్లు పెట్టారు, దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు అని ఒక్కరైనా ఒక్క ముక్క చెప్పలేదు. తాతగారి ఇల్లు ఏ సందులో ఉండేదో మాత్రం డ్రోన్ ఎగరేసి చూపించేలా ఉన్నారు.

ఆ చిరాకుతోనే వర్జీనియా చట్టసభ వాళ్ల సైట్ తెరిచి కూర్చున్నాను, అప్పటినుంచి అడపాదడపా వాడుతూనే ఉన్నాను. దాని పేరు లెజిస్లేటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టం, అందరూ ఎల్ఐఎస్ అంటారు. ఉచితం. వెతకడానికి లాగిన్ అక్కర్లేదు, ఫోన్ నంబర్ అడగదు, ఓటీపీ గోల లేదు. ఇది చిన్న విషయం అనుకోకండి. మన దగ్గర "మీ ఎమ్మెల్యే రిపోర్ట్ కార్డ్" అంటూ వచ్చిన ఒక యాప్‌లో నంబర్ ఇచ్చిన పాపానికి, రిపోర్ట్ కార్డ్ సంగతి దేవుడెరుగు, ఎన్నికలు అయ్యేదాకా రికార్డు చేసిన గొంతులతో వచ్చిన ఫోన్లు ఎత్తుతూనే ఉన్నాను. యాప్ పేరు ఇక్కడ అనవసరం.

ముందు ఆవిడ సంగతి కొంచెం చెప్పి సైట్‌లోకి వెళ్తాను. 1964లో హైదరాబాద్‌లో పుట్టారు, జార్జియా రాష్ట్రంలో పెరిగారు, ఎమరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ. 1991లో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చి దాదాపు 30 ఏళ్లు కాలేజీల్లో పాఠాలు చెప్పారు, అందులో ఎక్కువ కాలం ఒక కమ్యూనిటీ కాలేజీలో. 2017లో ట్రంప్ కొన్ని ముస్లిం దేశాల నుంచి ప్రయాణాలు ఆపేస్తూ ఆర్డర్ ఇచ్చినప్పుడు, ఈ దేశంలో నాకు చోటుందా అన్న ప్రశ్న వచ్చి రాజకీయాల వైపు చూశానని ఆవిడే చాలాసార్లు చెప్పారు. 2019లో సిట్టింగ్ రిపబ్లికన్ సెనేటర్ గ్లెన్ స్టర్టివంట్‌ని ఓడించి సెనేట్‌కి వెళ్లారు. 2024, 2025 సమావేశాల్లో విద్య, వైద్యం చూసే కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నారు. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్ టికెట్ కోసం డెమొక్రాట్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడితే స్వల్ప తేడాతో బయటపడి, తర్వాత రిపబ్లికన్ అభ్యర్థి జాన్ రీడ్‌ని ఓడించారు. ఇంతవరకు వికీపీడియా చాలు, బాలట్‌పీడియా అయితే ఎన్నికల ఫలితాలు కూడా వరుసగా దొరుకుతాయి. దీనికోసం ఎల్ఐఎస్ దాకా వెళ్లక్కర్లేదు.

ఎల్ఐఎస్ అసలు పనికొచ్చేది ఒక్కో బిల్లు దగ్గరే. నేను మొదట తీసింది 2024 నాటి ఎస్‌బీ 237. ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు. గర్భనిరోధక సాధనాలు వాడుకునే హక్కును చట్టంలో రాసిపెట్టే బిల్లు అది, చీఫ్ పేట్రన్ హాష్మీయే. బిల్లు పెట్టినవాళ్లని వర్జీనియాలో స్పాన్సర్ అనరు, పేట్రన్ అంటారు. పేజీలో పైన నాలుగు లైన్ల సారాంశం, మామూలు ఇంగ్లీషులో, లాయర్ పక్కన లేకపోయినా అర్థమయ్యేలా. దాని కింద బిల్లు పూర్తి పాఠం, అందులో కొత్తగా చేర్చే మాటలు వాలు అక్షరాల్లో, పాత చట్టంలోంచి తీసేసేవి గీత కొట్టి ఉంటాయి. నాకు బాగా నచ్చింది ఇదే. మన బిల్లుల్లో "ఫలానా సెక్షన్‌లో ఫలానా పదాలకు బదులుగా ఫలానా పదాలు ఉంచవలెను" అని ఉంటుంది కదా, పాత చట్టం పక్కన పెట్టుకుని చూసుకుంటే తప్ప ఏం మారిందో అంతుపట్టదు. ఇక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది. ప్రభుత్వానికి ఖర్చు ఎంత పడుతుందో అధికారులు రాసిన నోట్ కూడా బిల్లుకి తగిలించి ఉంటుంది.

దాని కింద హిస్టరీ. ఏ తేదీన ప్రవేశపెట్టారు, ఏ కమిటీకి వెళ్లింది, కమిటీలో ఎంతమంది ఎటు, సెనేట్‌లో ఎటు, కింది సభ అయిన హౌస్‌లో ఎటు, తేదీల వారీగా దిగుతూ వస్తుంది. ఎస్‌బీ 237 రెండు సభలూ దాటింది. అప్పటి రిపబ్లికన్ గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ నేరుగా కాదనకుండా ముందు మార్పులు సూచించి వెనక్కి పంపారు. చట్టసభ ఆ మార్పులకి ఒప్పుకోలేదు. 2024 మేలో వీటో చేశారు. వీటోని కొట్టెయ్యాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి, సెనేట్‌లో డెమొక్రాట్లది 21-19 మెజారిటీ, ఎక్కడ కుదురుతుంది? 2025లో అదే బిల్లు మళ్లీ తెచ్చారు, మళ్లీ మార్పులు, మళ్లీ వీటో. ఒక నాయకురాలి విధానం ఏంటో తెలుసుకోవడానికి నాకు ఈ రెండు పేజీలు వంద ప్రసంగాల కన్నా ఎక్కువ అనిపించాయి. వీటో పడుతుందని తెలిసి కూడా రెండోసారి తెచ్చారంటే ఒకటి ఆవిడకి ఆ విషయం మీద పట్టుదలైనా ఉండాలి, లేదా రాబోయే ఎన్నికల్లో చెప్పుకోవడానికైనా తెచ్చుండాలి. రెండూ కావచ్చు కూడా. రాజకీయ నాయకులన్నాక రెండూ ఉంటాయి, అందులో తప్పు పట్టడానికేం లేదు.

హిస్టరీలో ఓట్ల అంకె మీద నొక్కితే పేర్లు వస్తాయి. ఇదండీ అసలు మజా. అవునన్నవాళ్ల ఇంటిపేర్లు, కాదన్నవాళ్లవి, ఓటెయ్యనివాళ్లవి, ఆ మధ్యలో "రూల్ 36" అని ఇంకో వరుస. ఆ బిల్లులో సొంత ప్రయోజనం ఉందని తప్పుకున్న సెనేటర్ల పేర్లు ఆ వరుసలోకి వెళ్తాయి. నలభై మందిలో ఒక్కరు కూడా ఎటూ కాకుండా మాయమైపోవడానికి వీల్లేదు, సభకి రాకపోతే రాలేదని కూడా తెలిసిపోతుంది. 2020 జనవరిలో ఆడా మగా సమాన హక్కుల రాజ్యాంగ సవరణని వర్జీనియా ధ్రువీకరించినప్పుడు సెనేట్‌లో 28-12. 2021లో మరణశిక్ష రద్దు చేసినప్పుడు, దక్షిణాది రాష్ట్రాల్లో అదే మొదటిది, రిపబ్లికన్లు చాలావరకు ఎదురు తిరిగారు. రెండిట్లోనూ హాష్మీ పేరు అవును వరుసలోనే. ఎన్నికల కరపత్రంలో "నేను హక్కుల పక్షం" అని ఎవరైనా రాసుకోవచ్చు, ఇక్కడైతే తేదీతో సహా దొరుకుతుంది.

ఇంత పొగిడాను కదా అని నేరుగా వెళ్లి ఓట్ల అంకెలు చూసి తీర్పు ఇచ్చేయకండి. ఈ సైట్‌లో కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. ఓటు బిల్లు మీద కాదు, ఆ క్షణంలో సభ ముందున్న ప్రతిపాదన మీద. సెనేట్ కమిటీల్లో బిల్లుని చంపాలంటే "పాస్డ్ బై ఇండెఫినిట్లీ" అనే ప్రతిపాదన పెడతారు, అంటే ఇక దీన్ని పక్కన పెట్టేద్దాం, మళ్లీ ఎత్తొద్దు అని. దానికి అవునన్నవాళ్లు బిల్లుని చంపినట్టు. పక్కన యస్ అని చెప్పే వై అక్షరం చూసి "ఓహో మద్దతిచ్చారు" అనుకుంటే కథ తలకిందులే, పైగా ఆ ప్రతిపాదన పేరులో పాస్డ్ అని ఉండటం ఇంకో తిరకాసు. 2020లో తుపాకుల మీద వచ్చిన హెచ్‌బీ 961 చూడండి, హెచ్‌బీ అంటే హౌస్ బిల్లు. అసాల్ట్ తుపాకుల అమ్మకాల మీద నిషేధం, హౌస్‌లో గట్టెక్కి సెనేట్ జ్యుడీషియరీ కమిటీకి వచ్చింది. అక్కడ 10 అవును, 5 కాదు. గెలిచిందనుకుంటాం కదా. ఆ పది ఓట్లు దాన్ని వచ్చే ఏడాదికి నెట్టేయడానికి పడినవి, అందులో నలుగురు డెమొక్రాట్లు. అప్పటి డెమొక్రాట్ గవర్నర్, సొంత పార్టీ అడిగిన బిల్లుని సొంత పార్టీ వాళ్లే నలుగురు కలిసి ఆపేశారు, పేర్లతో సహా రికార్డులో ఉంది. హాష్మీ ఆ కమిటీలో లేరు, కాబట్టి ఆ బిల్లు మీద ఆవిడ ఓటంటూ ఉండదు. తుపాకుల విషయంలో ఆవిడ ఎటు అనేది వేరే బిల్లుల్లో వెతుక్కోవాలి. ఎల్ఐఎస్ ఈ తేడాలేవీ మీకు విప్పి చెప్పదు. దానికి ఒక చిన్న సహాయ పేజీ అక్కడికక్కడే, ఓట్ల పక్కనే పెట్టొచ్చు కదా, అంత పెద్ద సైట్ కట్టినవాళ్లకి అదొక లెక్కా.

ఇంకోటి బ్లాక్ ఓట్లు. ఎవరికీ అభ్యంతరం లేని బిల్లుల్ని ఒక కట్టగా కట్టి ఒకే ఓటుతో 40-0 అని పాస్ చేసేస్తారు. ఏడాదికి బిల్లులు వేలల్లో వస్తాయి, సమావేశాలేమో సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో రాజ్యాంగం చెప్పేది 30, పొడిగించుకుని 45 దాకా లాగుతారు, ఇలా కట్టలు కట్టకపోతే పని జరగదు. సరే, దానివల్ల ఏమవుతుందంటే "ఫలానా సెనేటర్ ఇంత శాతం పార్టీతోనే ఓటేశారు" లేదా "అవతలి పార్టీతో ఇంత శాతం కలిశారు" అని తిరిగే లెక్కల్లో సగం సరుకు ఈ కట్ట ఓట్లే అయి ఉంటుంది. శాతాలు చూపిస్తే నేను నమ్మను. నాలుగు గట్టి బిల్లులు చూపించమంటాను.

కమిటీ అధ్యక్షుల విషయంలో ఈ సైట్ ఇంకో రకంగా పనికొస్తుంది. 2024, 2025 సమావేశాల్లో విద్య, వైద్యం కమిటీకి ఏమేం వచ్చాయి, ఏవి బయటికెళ్లాయి, ఏవి అక్కడే ఆగిపోయాయి అని కమిటీ పేరు మీద జాబితా తీయొచ్చు. పదిహేను మంది కమిటీ, ఓటు అందరిదీ ఒకటే అనుకోండి, కానీ ఏ బిల్లులు చేపట్టాలో చెప్పే జాబితాని, అంటే డాకెట్‌ని, నడిపేది అధ్యక్షురాలు. స్కూళ్లు, ఆస్పత్రులు, నర్సులు, టీచర్లు, టీకాలు, అబార్షన్, అన్నీ ఆ గుమ్మంలోంచే పోవాలి. హాష్మీ ప్రచారంలో ప్రభుత్వ బడులు, పునరుత్పత్తి హక్కులు అనే రెండు మాటలు ఎందుకంత గట్టిగా వినిపించాయో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. ఆవిడ రోజూ కూర్చున్న గది అది.

మరి ఎందుకు ఓటేశారు? అది మాత్రం ఎల్ఐఎస్‌లో దొరకదు. వర్జీనియా చట్టసభ చర్చల్ని మాట మాటగా అచ్చువేయదు, జర్నల్‌లో జరిగిన పనులు ఉంటాయి తప్ప ప్రసంగాలు ఉండవు. వీడియోలు ఉన్నాయి, గంటల తరబడి, ఓపిక ఉంటే చూసుకోవచ్చు. రిచ్‌మండ్ సన్‌లైట్ అని స్వచ్ఛందంగా నడిపే సైట్ ఒకటి 2007 నుంచి ఉంది, అది బిల్లుల్నీ వీడియోల్నీ కలిపి కొంత మేలు చేస్తుంది. వోట్ స్మార్ట్ అని ఇంకోటి దేశం మొత్తానికి. అభ్యర్థులకి ప్రశ్నాపత్రం పంపి "అబార్షన్ మీద మీ వైఖరి ఏంటి, పన్నుల మీద ఏంటి" అని అడిగి జవాబులు పెడుతుంది. ఆలోచన భేష్. ఎదుటివాళ్లు రేపు ప్రకటనల్లో వాడుకుంటారన్న భయంతో చాలామంది నాయకులు జవాబే ఇవ్వరు, అప్పుడు వాళ్లే పాత ఓట్లూ ప్రసంగాలూ చూసి ఊహించి పెడతారు. రకరకాల సంఘాలు ఇచ్చిన మార్కులు కూడా అక్కడే ఉంటాయి. తుపాకుల సంఘం సున్నా ఇస్తే అది కొందరికి తిట్టు, ఇంకొందరికి సర్టిఫికెట్.

డబ్బు లెక్కలకి మాత్రం వీపీఏపీ చూడాల్సిందే, వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్. 1997లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ. రాష్ట్ర పదవులకి పోటీచేసేవాళ్లకి ఎవరైనా ఎంతైనా చందా ఇవ్వొచ్చు, వర్జీనియాలో పరిమితి లేదు, కంపెనీలు కూడా నేరుగా ఇవ్వొచ్చు. అది వింటే మనకి కళ్లు తిరుగుతాయి. కానీ ఇచ్చింది ప్రకటించాలి, ప్రకటించింది వీపీఏపీలో పేరు, సొమ్ముతో సహా దొరుకుతుంది. ఎల్ఐఎస్‌ని దీంతో కలిపి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది. కరెంటు కంపెనీ ఇచ్చిన చందా ఒక ట్యాబ్‌లో, కరెంటు బిల్లు మీద ఓటు ఇంకో ట్యాబ్‌లో పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు. లాబీయిస్టుల్లా, అంటే చట్టసభ్యుల్ని తమవైపు తిప్పుకునే పని చేసేవాళ్లలా, వెంటపడేవాళ్ల కోసం ఎల్ఐఎస్‌లో బిల్లుల్ని వెంటాడే ఒక సదుపాయం ఉంది, దాని పేరు "లాబీయిస్ట్ ఇన్ ఎ బాక్స్". దాపరికం లేకుండా భలే పేరు పెట్టారు.

ఇక మన ఇంటికొద్దాం. ఇదంతా చూశాక ఎవరికైనా మన ఎమ్మెల్యే సంగతేంటి అనిపిస్తుంది కదా, నాకూ అనిపించింది. మన దగ్గర అందరికీ తెలిసినది మైనేతా. ఏడీఆర్ వాళ్లది, అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు కలిసి పెట్టి కోర్టుకెక్కారు. 2002 మే 2న సుప్రీంకోర్టు అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. పార్టీలన్నీ ఒక్కటై చట్టం సవరించి దానికి గండి కొట్టబోతే 2003 మార్చి 13న ఆ సవరణనీ కొట్టేసింది. అలా వచ్చిందే మనం ఎన్నికలప్పుడు చూసే ఫారం 26 అఫిడవిట్. 2013లో గడులు ఖాళీగా వదిలేస్తే నామినేషన్ తిరస్కరించొచ్చు అన్నారు, 2018లో ఆదాయం ఎక్కడ్నుంచి వస్తోందో కూడా చెప్పమన్నారు. ఇదంతా పోట్లాడి తెచ్చుకున్నది, ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. స్కాన్ చేసిన ఆ అఫిడవిట్ కాగితాల్ని వరుసల్లోకి ఎక్కించి వెతుక్కునేలా పెట్టడమే మైనేతా చేసే పని, బాగా చేస్తుంది.

ఆ పేజీ తెరిస్తే పెళ్లిచూపులకి వెళ్లొచ్చినట్టే. పొలం ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఇప్పుడెంత, భార్య పేరు మీద బంగారం ఎన్ని గ్రాములు, కార్లేంటి, అప్పులెవరి దగ్గర, ఉన్న కేసులేంటి, ప్రభుత్వ క్వార్టర్లో ఉండి ఉంటే కరెంటు బిల్లు బాకీ ఉందా, అన్నీ. ఐదేళ్ల కిందటి అఫిడవిట్ పక్కన పెడితే ఆస్తి ఎంత పెరిగిందో లెక్క కట్టొచ్చు, మన పేపర్లు ఎన్నికలప్పుడు చేసే పని అదే. విలువలు వాళ్లు చెప్పుకున్నవే అన్నది గుర్తుపెట్టుకోవాలి. జూబ్లీహిల్స్ ఇల్లు వేసిన రేటు చూస్తే ఆ రేటుకి నాకూ ఒకటి ఇప్పించమనాలనిపిస్తుంది.

కానీ ఆ ఎమ్మెల్యే ఏమనుకుంటాడు? భూముల రీసర్వే మీద, ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద, మద్యం పాలసీ మీద ఆయన సభలో చెయ్యెత్తింది ఎటు? మైనేతాలో అది లేదు, ఉండదు కూడా. అది మైనేతా లోపం కాదు. రికార్డే లేనప్పుడు ఎవరు మాత్రం ఏం పెడతారు. మన అసెంబ్లీల్లో బిల్లులు మామూలుగా మూజువాణి ఓటుతో పోతాయి. అనుకూలురు అవును అనండి, వ్యతిరేకులు కాదు అనండి, అవునన్నవారిదే ఆధిక్యం, బిల్లు ఆమోదం పొందింది. అయిపోయింది. గొంతులు వినిపిస్తాయి గానీ ఎవరి గొంతు ఏదో ఏ పుస్తకంలోనూ ఎక్కదు. 2014 జనవరి 30న రాష్ట్ర పునర్విభజన బిల్లుని తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి పెట్టిన తీర్మానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో నెగ్గింది కూడా మూజువాణితోనే. తెలుగువాళ్ల చట్టసభ ముందుకు ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఎప్పుడు వచ్చింది చెప్పండి? ఆ రోజు పేరు పేరునా ఎవరు ఎటు అన్నది ఓటు రూపంలో లేదు. తర్వాత 19 రోజులకి, ఫిబ్రవరి 18న, లోక్‌సభలో అదే బిల్లు పాసైందీ మూజువాణితోనే, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన టైంలో.

పైగా 1985 నాటి పదో షెడ్యూలు ఉంది. పార్టీ విప్‌కి ఎదురు ఓటేస్తే, పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే తప్ప, సభ్యత్వం పోయే ప్రమాదం. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చారు, ఫిరాయింపులు ఎంత ఆగాయో మనందరం చూస్తూనే ఉన్నాం గానీ, సొంత అభిప్రాయాలు మాత్రం ఆగిపోయాయి. వర్జీనియాలో ఆ నలుగురు డెమొక్రాట్లు చేసిన పని ఇక్కడ మనవాళ్లు చేస్తే స్పీకర్ దగ్గర పిటిషన్ పడుతుంది. సొంతంగా బిల్లు తేవడం అన్నది కూడా మనకి అలవాటు తప్పిన పని. పార్లమెంటులోనే ఇప్పటిదాకా చట్టాలైన ప్రైవేటు మెంబర్ బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు పెట్టినవి, 14, ఆఖరిది 1970లో. హాష్మీ లాంటివాళ్లు ఏటా చాలా బిల్లులకి తమ పేరు పెట్టుకోవడం చూసి మనకి వింతగా ఉండేది అందుకే. చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వాళ్లు 2005 నుంచి మంచి పని చేస్తున్నారు, ఎంపీల హాజరు, ప్రశ్నలు, చర్చలు లెక్కకట్టి పెడతారు, రాష్ట్రాల బిల్లుల మీద కూడా నివేదికలు ఇస్తారు. ఎమ్మెల్యేల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి మీద అంత వివరం ఉండదు.

అయితే ఒక దాంట్లో మనమే మెరుగు. మన సభల్లో మాట్లాడింది మాట మాటా ప్రతుల్లోకి ఎక్కుతుంది. వర్జీనియాలో ఓటు దొరుకుతుంది, మాట దొరకదు. మన దగ్గర మాట దొరుకుతుంది, ఓటు దొరకదు. సత్తెనపల్లి నుంచి 1952 మొదలు నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి లాంటివాళ్లు సభలో ఉన్న కాలపు చర్చలు చదివితే, తెలుగు అధికార భాష మీదో ఇంకోదాని మీదో ఆ మనుషులకి ఉన్న పట్టు ఏంటో తెలుస్తుంది. కాకపోతే పాతవి స్కాన్ చేసిన పేజీలు, పేరు టైప్ చేసి వెతికితే దొరికే సరుకు కాదు, తేదీ తెలిసుంటే పేజీలు తిప్పుకుంటూ పోవాలి. ఎవరైనా కుర్రాళ్లు కూర్చుని వాటిని యూనికోడ్ తెలుగులోకి మార్చి, సభ్యుడి పేరు కొడితే ఆయన మాట్లాడినవన్నీ వచ్చేలా చేస్తే నేను డబ్బిచ్చి వాడతాను, నిజంగా.

మార్కులంటారా, ఎల్ఐఎస్‌కి ఐదుకి నాలుగు. ఓటు దేని మీదో విడమర్చి చెప్పనందుకు ఒకటి కోత. వీపీఏపీకి నాలుగున్నర, అంత పొడి సబ్జెక్టుని అంత శుభ్రంగా చూపించినందుకు. వోట్ స్మార్ట్‌కి మూడు. మైనేతా చేసే పనికి ఐదుకి ఐదు, మనం దాన్నుంచి ఆశించే పనికి మార్కులెయ్యడం దానికి అన్యాయం.

వర్జీనియాలో యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉన్న మనవాళ్లకి ఒక సలహా. ఓటుహక్కు రాకపోయినా సెనేటర్‌కి, డెలిగేట్‌కి (హౌస్ సభ్యులకి) మెయిల్ రాయడానికి గ్రీన్ కార్డు కూడా అవసరం లేదు. రాసేముందు ఎల్ఐఎస్‌లో బిల్లు నంబరు, హిస్టరీ చూసుకుని రాయండి, "హెచ్‌బీ ఫలానా మీద కమిటీలో మీరు ఫలానా తేదీన ఇలా ఓటేశారు" అని మొదలుపెడితే అవతల ఆఫీసులో మెయిల్ తెరిచే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. ఇక హాష్మీ సంగతి చూడాలనుకునేవాళ్లు 2020 నుంచి 2025 దాకా జరిగిన సమావేశాలు తీసుకోండి. 2026 జనవరి 17న లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశాక ఆవిడ సెనేట్‌కి అధ్యక్షత వహిస్తారు తప్ప మామూలుగా ఓటెయ్యరు, 20-20 అయితేనే ఆవిడ వంతు వస్తుంది. ఇప్పుడున్న 21-19లో అది ఎప్పుడో గానీ రాదు, వచ్చిన రోజు మాత్రం ఆ ఒక్క పేజీ తప్పకుండా తెరిచి చూడాలి.